ఏడాదిగా డ్రోన్ ఎగరేస్తున్నాను, మొదటి ఆర్‌సీ ప్లేన్‌గా స్పిట్‌ఫైర్ కొనొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదిగా కెమెరా డ్రోన్ ఎగరేస్తున్నారు, ఇప్పుడు మనసు రిమోట్ విమానాల మీదికి మళ్లింది. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మోడల్ ఒకటి, 1.2 మీటర్ల రెక్కలున్నది, తగ్గింపు ధరలో చూసి పెట్టుకున్నారు. దానితోనే మొదలుపెట్టొచ్చా, కాకపోతే ఏది కొనాలి, 3 చానెళ్లదా 4 చానెళ్లదా (ఒక్కో చానెల్ అంటే రిమోట్‌తో విడిగా అదుపు చేసే ఒక్కో పని), సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో ప్లేన్ ఎగరేసే ప్రోగ్రామ్) నిజంగా అవసరమా?

ముందు జవాబు చెప్పేస్తాను. స్పిట్‌ఫైర్ ఇప్పుడు వద్దు. రెక్క పైన, మోటారు వెనక ఉండి, ఫోమ్‌తో చేసిన, 1.1 నుంచి 1.5 మీటర్ల రెక్కల ప్లేన్ తీసుకోండి. రేడియో, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, మాత్రం కాస్త మంచిదే కొనండి, ప్లేన్లు పోతుంటాయి, వస్తుంటాయి, రేడియో ఏళ్ల తరబడి ఉంటుంది. సిమ్యులేటర్ మీద ఎనిమిది, పది గంటలు గడిపాకే మైదానానికి వెళ్లండి. చానెళ్ల గొడవ మీరనుకునేంత పెద్దది కాదు, కింద చెప్తాను.

నేను ఈ విమానాలు ఎగరేయడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. చాలామందికి పక్కన నిలబడి మొదటి ఫ్లైట్ చేయించాను. నిజం చెప్పాలంటే, అసలేమీ తెలియకుండా వచ్చినవాళ్ల కంటే డ్రోన్ అనుభవంతో వచ్చినవాళ్లతోనే నాకు టెన్షన్ ఎక్కువ. మిమ్మల్ని తక్కువ చేయాలని కాదు, కారణం వినండి.

కెమెరా డ్రోన్‌లో ఏ దిక్కుకు ఏం జరుగుతోందో అర్థం కాకపోతే ఏం చేస్తారు? స్టిక్కులు వదిలేస్తారు. అది జీపీఎస్ సాయంతో ఉన్నచోటే ఆగి నిలబడుతుంది, మీరు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఏడాదిపాటు మీ వేళ్లకు అబ్బిన అలవాటు ఇదే. ప్లేన్‌కు ఆగడం అనేదే లేదు. నెమ్మదిగా వెళ్లే ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల ప్లేన్) కూడా సెకనుకు 10 మీటర్లు పోతుంది. మీరు ఆరు సెకన్లు తటపటాయిస్తే 60 మీటర్లు వెళ్లిపోయింది, అదీ ఎటు వాలి ఉంటే అటు.

ఒకాయన, డ్రోన్‌తో చాలా చక్కగా వీడియోలు తీసేవాడు, నా దగ్గర మొదటిసారి ప్లేన్ పట్టుకున్నాడు. రెండు మలుపులు బాగానే తిప్పాడు. మూడో మలుపులో కుడీ ఎడమా తికమకపడ్డాడు. వెంటనే రెండు స్టిక్కుల మీంచీ బొటనవేళ్లు తీసేసి ప్లేన్ వంక చూస్తూ నిలబడ్డాడు, అది ఆగుతుందేమోనని. ఆగలేదు. వాలిన రెక్క వాలినట్టే ఉంది, ముక్కు దించుకుంటూ గుండ్రంగా తిరిగి నేలకు కొట్టుకుంది. ఆయన ముఖంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది.

కాబట్టి మొదటి ప్లేన్‌లో చూడాల్సింది ఒక్కటే: అది మీకు ఆలోచించుకోవడానికి ఎంత టైమిస్తుంది? పైన చెప్పిన లక్షణాలన్నీ ఈ టైమ్ కోసమే.

రెక్క పైన ఉంటే బరువంతా రెక్క కింద వేలాడుతుంది. దానికి తోడు ట్రైనర్లలో రెండు రెక్కలూ చివర్లకు పోయేకొద్దీ కొద్దిగా పైకి లేచి ఉంటాయి, డైహెడ్రల్ అంటాం. ఒక పక్కకు వాలినా, మీరు స్టిక్ వదిలేస్తే దానంతటది చదునుగా అయ్యే ప్రయత్నం చేస్తుంది. మరీ ఎక్కువగా వాల్చేస్తే ఏ డైహెడ్రలూ కాపాడదు, చిన్న తప్పులను మాత్రం సర్దుకుంటుంది.

తర్వాత బరువు. ప్లేన్ మొత్తం బరువు కంటే రెక్క విస్తీర్ణానికి ఎంత బరువు పడుతోందన్నదే ముఖ్యం, దాన్నే వింగ్ లోడింగ్ అంటారు. లెక్క తేలికే. 1.4 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క అంటే 28 చదరపు డెసీమీటర్లు. ప్లేన్ 900 గ్రాములుంటే ఒక్కో చదరపు డెసీమీటర్‌కు 32 గ్రాములు. మొదటి ప్లేన్‌కు 25 నుంచి 40 మధ్య ఉంటే హాయి. మీరు చూసిన సైజు యుద్ధవిమానం మోడళ్లు మామూలుగా 50 దాటి ఉంటాయి. ఈ అంకె రెట్టింపయితే గాల్లో నిలబడడానికి కావాల్సిన కనీస వేగం 40 శాతం పెరుగుతుంది. అంటే ల్యాండింగ్ కూడా అంత వేగంతోనే చేయాలి.

మోటారు వెనక ఎందుకంటే, మొదట్లో ప్లేన్ నేలకు తగిలేది ముక్కుతోనే. ప్రొపెల్లర్ ముందుంటే ప్రతిసారీ ప్రొపెల్లర్ విరుగుతుంది, ఒక్కోసారి మోటారు షాఫ్ట్ వంగుతుంది, మౌంట్ ఊడివస్తుంది. వెనక ఉంటే ముక్కు నలుగుతుంది, అంతే. పైగా ఈ ప్లేన్లు చేసే, చిన్న చిన్న గింజలు అతికినట్టుండే ఈపీఓ ఫోమ్‌లో ఒక సుఖం ఉంది. ముక్కు అప్పడంలా నలిగిపోయినా బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ తీసేసి, బాగా కాగిన నీళ్లు ఆ భాగం మీద మెల్లగా పోయండి. నలిగిన గింజలు మీ కళ్ల ముందే ఉబ్బుతూ దాదాపు పాత ఆకారానికి వచ్చేస్తాయి. పైన చిన్న చిన్న బుడిపెలు మిగులుతాయి, చూడ్డానికి బాగోదు, ఎగరడానికి ఢోకా లేదు. విరిగితే సీఏ జిగురు (సూపర్‌గ్లూ) చాలు. ఒక్క జాగ్రత్త: ప్యాకింగ్‌లో వచ్చే తెల్లటి థర్మోకోల్ రకం ఫోమ్ అయితే మామూలు సీఏ దాన్ని కరిగించేస్తుంది, ఫోమ్‌సేఫ్ అని రాసి ఉన్నదే వాడాలి.

వెనక మోటారుకు ఒక గుణం ఉంది, దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. చాలా మోడళ్లలో మోటారు రెక్క మీద ఎత్తుగా ఉంటుంది. అందువల్ల థ్రాటిల్ (మోటారు వేగం) ఒక్కసారిగా పెంచితే ముక్కు పైకి లేవదు, కిందికి వంగుతుంది. ల్యాండింగ్‌కు వస్తూ నేల దగ్గరపడి, భయపడి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ముక్కును నేలకు గుద్దినవాళ్లను చూశాను. థ్రాటిల్ మెల్లగా పెంచాలి, పెంచుతూనే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది) స్టిక్‌ను కాస్త మీ వైపు లాగాలి. ఇంట్లో సిమ్యులేటర్‌లో ఈ రకం మోడల్ ఎంచుకుని ఒకసారి చూసుకోండి.

ఇక స్పిట్‌ఫైర్. మీ మనసు దాని మీద ఎందుకు పడిందో నాకు తెలుసు, నా మనసూ అలాగే పడింది. ఆ అండాకారపు రెక్క అందం వేరు. కానీ అందమే చిక్కు. రెక్క చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది, చిన్న మోడల్‌లో వేగం తగ్గినప్పుడు ముందుగా ఆ చివరే పట్టు తప్పుతుంది. అదీ ఒక పక్క. క్షణంలో ప్లేన్ పల్టీ కొట్టి కిందికి తిరుగుతుంది, దాన్ని టిప్ స్టాల్ అంటారు. కొత్తవాళ్లు వేగం తగ్గించేది ల్యాండింగ్‌లోనే కాబట్టి, ఇది జరిగేది కూడా కోలుకోవడానికి ఎత్తు లేనప్పుడే. దానికి తోడు అసలు విమానానికిలాగే చక్రాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. నేల మీద తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది, గడ్డిలో దిగితే ముక్కు మీదా నిలబడుతుంది. యుద్ధకాలంలో బ్రిటిష్ పైలట్లను కూడా ఎవరూ తిన్నగా స్పిట్‌ఫైర్‌లో కూర్చోబెట్టలేదు. ముందు టైగర్ మాత్ లాంటి, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలుండే ట్రైనర్, తర్వాత హార్వర్డ్ లాంటి ఇంకా బలమైన ట్రైనర్, ఆ తర్వాతే యుద్ధవిమానం.

పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మల్టిప్లెక్స్ కంపెనీ ఈజీస్టార్, హాబీజోన్ కంపెనీ ఏరోస్కౌట్, ఈ రెండూ వెనక మోటారు రకమే. ఈజీస్టార్ రెక్క 1.37 మీటర్లు, ఏరోస్కౌట్ 1.1 మీటర్లు. ముందు మోటారు ఉన్నా ఫర్వాలేదు, పక్కన నేర్పేవాళ్లున్నారు అనుకుంటే అప్రెంటిస్ అనే 1.5 మీటర్ల ట్రైనర్ బాగుంటుంది. మూడు చక్రాలుంటాయి, చదునైన నేల మీద టేకాఫ్ నేర్చుకోవచ్చు. ఇవే కొనాలని లేదు, ఇదే ఆకారంలో చాలా కంపెనీల ప్లేన్లున్నాయి. కొనేముందు విడి భాగాలు దొరుకుతాయో లేదో చూడండి. ప్రొపెల్లర్లు, ఒక రెక్క, తోక విడిగా దొరకని ప్లేన్ ఎంత బాగున్నా వద్దు.

చానెళ్ల విషయానికొస్తే, 3 చానెళ్లంటే థ్రాటిల్, ఎలివేటర్, రడ్డర్ (ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక). 4 అంటే దానికి ఎయిలెరాన్ (ప్లేన్‌ను పక్కలకు వాల్చే రెక్క పలకలు) కలుస్తుంది. 3 చానెళ్లతో నేర్చుకోవడం కాస్త సులువు, 4 తో నేర్చుకుంటే తర్వాత మళ్లీ నేర్చుకునే పని ఉండదు. సిమ్యులేటర్ చేస్తారు కాబట్టి మీరు 4 చానెళ్లదే తీసుకోండి. డ్రోన్ మోడ్ 2 లో ఎగరేస్తుంటే, అంటే థ్రాటిల్ ఎడమ స్టిక్ మీద ఉంటే, ప్లేన్‌కూ అదే పెట్టుకోండి.

జైరో, అంటే ప్లేన్ వాలును పసిగట్టి తనే సర్దే పరికరం, ఉన్న ప్లేన్ మంచిదా అన్నది ఇంకో వాదన. ఏరోస్కౌట్, అప్రెంటిస్ లాంటివాటిలో ఒక స్విచ్ ఉంటుంది. మొదటి స్థాయిలో ప్లేన్ ఎంత వాలొచ్చో దానికో హద్దు ఉంటుంది, స్టిక్ వదిలితే తనే చదునవుతుంది. ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగమే, వద్దనను. కానీ మీకు ఇప్పటికే స్టిక్ వదిలేసే అలవాటుంది, ఈ స్విచ్ దాన్నే ఇంకా పెంచుతుంది. మొదటి నాలుగైదు ఫ్లైట్లు ఆ మోడ్‌లో చేయండి, తర్వాత ఎత్తుకు వెళ్లాక హద్దు లేని మోడ్‌కు మార్చి కాసేపు తిప్పండి, తడబడితే వెంటనే వెనక్కి మార్చుకోండి. ఆర్నెల్లపాటు మొదటి స్థాయిలోనే ఎగరేసి, స్విచ్ మార్చిన రోజు ప్లేన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రేడియోకు కనీసం 6 చానెళ్లు, రకరకాల ప్లేన్ల సెట్టింగ్‌లు దాచుకునే మెమరీ, కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ ఉంటే చాలు. ఎక్స్‌పో అనే సెట్టింగ్ 30 శాతం దగ్గర పెట్టుకోండి, స్టిక్ మధ్యలో మరీ చురుగ్గా కాకుండా మెత్తగా పనిచేస్తుంది.

అదే రేడియోను కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్ ఆడండి. రియల్‌ఫ్లైట్ డబ్బు పెట్టి కొనేది, పికాసిమ్, సీఆర్‌ఆర్‌సీసిమ్ లాంటివి ఉచితం. బొమ్మలు బాగున్నాయా లేదా అని చూడొద్దు, మీ వేళ్లకు నేర్పాల్సింది ఒకే ఒక్క విషయం. ప్లేన్ మీ నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే. అదే ప్లేన్ మీ వైపు వస్తున్నప్పుడు కుడీ ఎడమా తారుమారు. కొత్తవాళ్ల క్రాష్‌లలో నేను చూసినవి ఎక్కువ శాతం ఇక్కడే. దీనికి ఒక చిట్కా ఉంది: ప్లేన్ ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో చూడండి, స్టిక్‌ను ఆ రెక్క ఉన్న వైపుకే తొయ్యండి, పడబోతున్న పందిరికి ఆ పక్క గుంజ పెట్టినట్టు. ప్లేన్ మెల్లగా చదునవుతుంది. ఆలోచించకుండా వేలు కదిలేదాకా ఇదే చేయండి. రోజుకు ఇరవై నిమిషాలు మేలు, ఒకేసారి మూడు గంటలు కూర్చుంటే లాభం లేదు.

ఇది పట్టుబడ్డాక అడ్డంగా ఎనిమిది అంకె గీస్తూ తిప్పండి, మలుపులన్నీ మీకు దూరంగా పోయేలా. ఆ తర్వాత ల్యాండింగ్‌లు. లూపులు, రోల్స్ మీరెలాగూ చేస్తారు, వద్దన్నా ఆగరు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను, డ్రోన్ వాడారు కాబట్టి లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) తెలుసు. అయితే డ్రోన్ బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్ లోపలే ఉంటుంది, ప్లేన్ లైపోకు ఉండదు. సెల్‌కు 4.2 వోల్టులు నిండు, 3.5 కిందికి పోనివ్వొద్దు, వారానికి మించి వాడకపోతే 3.8 దగ్గర ఉంచండి. చార్జింగ్ 1సీ లోనే, అంటే 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 యాంప్స్. చార్జ్ అవుతున్నంతసేపూ అక్కడే ఉండండి. ఉబ్బిన బ్యాటరీ మీద ఆశ వదులుకోండి. రేడియోలో టైమర్ మొదట 5 నిమిషాలకు పెట్టుకుని, దిగాక ఎంత మిగిలిందో చూసి పెంచుకోవచ్చు.

ఇప్పుడు మైదానం. బయల్దేరేముందు ఇంట్లో రెండు విషయాలు చూసుకోవాలి, వీటిని మాత్రం వదలకండి.

మొదటిది సీజీ, అంటే బరువు కేంద్రం. ఎగరేటప్పుడు ఉండే బ్యాటరీతో సహా అన్నీ బిగించి, రెక్క కింద మాన్యువల్ చెప్పిన చోట రెండు చూపుడువేళ్ల మీద ప్లేన్‌ను నిలబెట్టండి. మాన్యువల్ లేకపోతే రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు దగ్గర మొదలుపెట్టండి. ప్లేన్ చదునుగా ఉండాలి, లేదా ముక్కు ఒక్క పిసరు దిగాలి. తోక దిగితే అలా ఎగరేయొద్దు, బ్యాటరీని ముందుకు జరపండి. ముక్కు బరువైతే ప్లేన్ మొండికేస్తుందంతే, తోక బరువైతే చేతికి దొరకదు.

రెండోది కంట్రోళ్ల దిశ. స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. 'ఇది తెలియనిదెవరికి' అనిపిస్తుంది. ఆరేళ్ల అనుభవం ఉన్నప్పుడు నేను ఒక సర్వో (రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటారు) మార్చాను, ఎయిలెరాన్లు కదులుతున్నాయా అని చూశాను, కదిలాయి, తృప్తిగా విసిరాను. ఎటు కదులుతున్నాయో చూడలేదు. ప్లేన్ ఎడమకు వాలింది, నేను కుడికి తోశాను, ఇంకా ఎడమకు వాలింది, ఇంకా గట్టిగా తోశాను. మొత్తం నాలుగు సెకన్లు. అప్పటినుంచి ప్రతి ఫ్లైట్‌కు ముందు ప్లేన్ వెనక నిలబడి పెదాలు కదిలేలా 'కుడి, కుడిది పైకి' అనుకుంటాను. పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఆన్ చేసేటప్పుడు ముందు రేడియో, థ్రాటిల్ పూర్తిగా కింద ఉందని చూసుకుని ఆ తర్వాత ప్లేన్ బ్యాటరీ. తీసేటప్పుడు ముందు ప్లేన్ బ్యాటరీ, చివర్న రేడియో. బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టే లెక్క. ఇంట్లో సెట్టింగ్‌లు మార్చేటప్పుడైతే ప్రొపెల్లర్ ఊడదీసే చేయండి. ఎలక్ట్రిక్ మోటారుకు వేలు అడ్డొస్తే ఆగదు, ఇంకా బలంగా తిరగాలని చూస్తుంది.

గాలి లేని వేళ చూసుకోండి, తెల్లవారాక మొదటి గంట మంచిది. గాలి గంటకు 15 కిలోమీటర్లుంటే, 36 కిలోమీటర్ల వేగంతో పోయే మీ ప్లేన్ గాలికి ఎదురుగా నేల లెక్కన 21 తో పాకుతుంది, గాలివాటున 51 తో దూసుకుపోతుంది. కొత్తవాళ్లకు ఇందులో రెండోది భయం. వేగం ఎక్కువైందనుకుని థ్రాటిల్ తగ్గిస్తారు, స్టిక్ లాగుతారు. నిజానికి రెక్కకు తగిలే గాలి వేగం అంతే ఉంది, మీరు తగ్గించడంతో రెక్క పట్టు తప్పి స్టాల్ అవుతుంది. అందుకే మొదటి పది ఫ్లైట్లు ఆకులు కదలని రోజుల్లోనే.

విసిరేటప్పుడు గాలికి ఎదురుగా, థ్రాటిల్ మూడొంతుల్లో రెండొంతులు, చదునుగా, ఈటె వేసినట్టు. పైకి విసరకండి. వీలైతే ఇంకొకరితో విసిరించి మీ రెండు చేతులూ స్టిక్కుల మీదే ఉంచుకోండి. 40, 50 మీటర్ల ఎత్తుకు వెళ్లేదాకా మలుపుల జోలికి పోవద్దు. తర్వాత థ్రాటిల్ సగానికి తగ్గించి ట్రిమ్ చేసుకోండి, అంటే రేడియో మీది చిన్న బటన్లతో సర్దండి, వేళ్లు తీసినా తిన్నగా వెళ్లాలి. మలుపుకు ఎయిలెరాన్ కొద్దిగా, వాలాక స్టిక్ మధ్యకు, ఎలివేటర్ కొద్దిగా. 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్క ప్లేన్ బరువుకు రెట్టింపు మోయాలి, మీకు 30 డిగ్రీలు చాలు.

ఎత్తులో ఉండగానే ఒకసారి థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, స్టిక్ మెల్లగా లాగుతూ స్టాల్ చేయించి చూడండి. ముక్కు ఎలా పడుతుందో, స్టిక్ వదిలితే ఎన్ని మీటర్లలో కోలుకుంటుందో కళ్లారా చూస్తే ల్యాండింగ్‌లో సగం భయం పోతుంది. ల్యాండింగ్ అంటే గాలికి ఎదురుగా తిప్పి, థ్రాటిల్ తగ్గించి, దాన్ని జారనివ్వడమే. దూరం చాలదేమోనని స్టిక్ లాగకండి. చాలకపోతే గడ్డిలో దిగుతుంది, మీరు నడిచి వెళ్లి తెచ్చుకుంటారు. నేలకు మీటరు ఎత్తులో కాస్త లాగితే చాలు.

మీ దేశంలో రిజిస్ట్రేషన్, ఎత్తు నిబంధనలు చూసుకోండి. చాలాచోట్ల 250 గ్రాములు దాటితే రూల్స్ మారతాయి, ఎత్తు 120 మీటర్లకు మించకూడదు. డ్రోన్ ఉంది కాబట్టి ఇవి మీకు కొంత తెలిసే ఉంటాయి. విమానాశ్రయాల దగ్గరా, మనుషుల నెత్తి మీదా వద్దని వేరే చెప్పక్కర్లేదు.

మరి స్పిట్‌ఫైర్ ఎప్పుడు? ట్రైనర్‌ను పది ల్యాండింగ్‌లు వరసగా, మీరు చూపించిన చోటుకు పది, పదిహేను మీటర్ల లోపు దించగలిగినప్పుడు, రెక్క కింద ఉండే మామూలు స్పోర్ట్ ప్లేన్ ఒకటి తీసుకోండి. దానిమీద ఒక సీజన్ గడిపాక స్పిట్‌ఫైర్ తెచ్చుకోండి. తగ్గింపు ధర పోతుందని ఇప్పుడే కొని అటక మీద పెట్టాలనిపిస్తే మీ ఇష్టం, బ్యాటరీ మాత్రం అప్పుడు కొనుక్కోండి, వాడకపోయినా లైపోకు వయసు పెరుగుతూనే ఉంటుంది.